ఐజ్వాల్ క్లబ్బు: కప్పు దక్కినా తలుపు తెరుచుకోలేదు

భారత ఫుట్‌బాల్ చరిత్రలో 2017 ఏప్రిల్ 30వ తేదీకి ఒక ప్రత్యేక స్థానం వుంది. ఆనాడు షిల్లాంగ్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్బు తన ఆఖరి మ్యాచ్‌ను 1-1 స్కోరుతో డ్రాగా ముగించి, ఐ-లీగ్ విజేతగా నిలిచింది. జాతీయ లీగ్ మొదలైన 1996 నుంచి అప్పటిదాకా ఆ కిరీటం బెంగాల్, గోవా, పంజాబ్, మహారాష్ట్ర, కర్ణాటక జట్లనే వరించింది. ఈశాన్య రాష్ట్రాలకు చెందిన ఒక క్లబ్బు దానిని అందుకోవడం అదే మొదటిసారి. అంతకంటే వింతైన విషయం మరొకటి వుంది. సరిగ్గా ఏడాది క్రితం అదే జట్టు పట్టికలో అడుగుభాగానికి జారి, లీగ్ నుంచే దిగజారిపోయిన జట్టు.

ఆ చివరి మ్యాచ్‌లో ఐజ్వాల్‌కు ఓటమి తప్పించుకుంటే చాలు. కాని ఆట మొదలైన తొమ్మిదవ నిమిషంలోనే షిల్లాంగ్ లజాంగ్ జట్టుకు చెందిన కామెరూన్ ఆటగాడు డిపాండా డికా గోల్ చేశాడు. కలకత్తాలో అదే సమయానికి మోహన్ బగాన్ చెన్నై సిటీతో తలపడుతోంది. ఐజ్వాల్ ఓడి, బగాన్ గెలిస్తే అంతవరకూ పడిన శ్రమంతా ప్రమాదంలో పడుతుంది. రెండవ అర్ధభాగంలో, 67వ నిమిషంలో విలియం లాల్‌నున్‌ఫెలా స్కోరు సమం చేశాడు. కలకత్తాలో మోహన్ బగాన్ 2-1తో గెలవనే గెలిచింది. అయినా ఒక్క పాయింటు తేడాతో రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఐజ్వాల్‌కు 37, బగాన్‌కు 36.

ఆ రోజు ఆదివారం. మిజోరంలో ఆదివారం నాడు ఆటలు ఆడరు. దుకాణాలు మూసివుంటాయి, వీధులు నిర్మానుష్యంగా వుంటాయి, జనమంతా చర్చిలకు వెళతారు. జాతీయ లీగ్ కాలపట్టిక ఈ సంప్రదాయాన్ని ఎరుగదు. రాష్ట్ర చరిత్రలోనే అతిపెద్ద క్రీడా విజయం, ఆటలు నిషిద్ధమైన దినానే, పొరుగు రాష్ట్రపు గడ్డపై రావలసి వచ్చింది.

వెదురు పూసిన దేశం

ఈ విజయానికి మిజో ప్రజలు ఎందుకు అంతగా పరవశించారో తెలియాలంటే ఆ రాష్ట్రపు గతాన్ని కొంత తరచి చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం జనాభా దాదాపు 10 లక్షల 97 వేలు. మన వైపు ఒక మోస్తరు నగరంలో వుండేంత జనం. అసెంబ్లీకి 40 స్థానాలు, లోక్‌సభకు ఒకే ఒక్క స్థానం. తూర్పున, దక్షిణాన మయన్మార్, పడమట బంగ్లాదేశ్. దేశంతో కలిపే ప్రధానమైన దారి ఉత్తరాన అస్సాం వైపే. అక్షరాస్యతలో దేశంలోని అగ్రశ్రేణి రాష్ట్రాలలో ఒకటైనా, చెప్పుకోదగ్గ పరిశ్రమ లేదు. రాష్ట్ర ప్రభుత్వపు ఖజానా ప్రధానంగా కేంద్రం ఇచ్చే నిధులపైనే ఆధారపడివుంది.

ఆ కొండలను కప్పివున్న వెదురులో ఒక జాతి సుమారు 48 ఏళ్ళకొకసారి ఒక్కుమ్మడిగా పూత పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి; గింజలు అయిపోగానే పంట చేలమీద, ధాన్యపు గాదెలమీద పడతాయి. వెంటనే కరువు. దీనినే మిజోలు 'మౌతమ్' అంటారు. 1959లో వచ్చిన మౌతమ్ ఈ ప్రాంతపు రాజకీయాలనే మార్చివేసింది. ఎలుకల దండు రాబోతున్నదని పెద్దలు ముందే హెచ్చరించినా, అప్పటి అస్సాం ప్రభుత్వం దానిని మూఢనమ్మకంగా కొట్టివేసిందన్న ఆగ్రహం జనంలో నాటుకుపోయింది. కరువు సహాయానికి పుట్టిన మిజో జాతీయ క్షామ నివారణ సంఘం 1961లో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్ అనే రాజకీయ సంస్థగా మారింది. 1966 ఫిబ్రవరి చివర ఆ సంస్థ సాయుధ తిరుగుబాటుకు దిగింది. మార్చి 5న భారత వైమానికదళ విమానాలు ఐజ్వాల్ పట్టణంపై దాడి చేశాయి. సొంత దేశపు పట్టణంపై భారత యుద్ధవిమానాలు బాంబులు వేసిన సందర్భం స్వతంత్ర భారత చరిత్రలో అదొక్కటే. మరుసటి ఏడాది నుంచి పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని రహదారి పక్కన సైనిక కాపలాలోని కూడలి గ్రామాలకు తరలించారు. సొంత పొలాలకు దూరమైన ఆ కుటుంబాల తరం ఇంకా పూర్తిగా కనుమరుగు కాలేదు.

ఇరవై ఏళ్ళ హింసాకాండ అనంతరం 1986 జూన్ 30న రాజీవ్ గాంధీ ప్రభుత్వానికీ లాల్‌డెంగాకూ మధ్య ఒడంబడిక కుదిరింది. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. స్వతంత్ర భారతంలో కుదిరిన తిరుగుబాటు ఒప్పందాలలో తు.చ. తప్పక నిలిచినది ఇదేనని పరిశీలకులు తరచూ అంటారు. ఐజ్వాల్ క్లబ్బు తన సొంత మ్యాచ్‌లు ఆడే మైదానం పేరు కూడా రాజీవ్ గాంధీ స్టేడియమే కావడం గమనార్హం. క్లబ్బు స్థాపన 1984 నాటిది. అంటే కర్ఫ్యూలు, గాలింపులు ఇంకా ముగియని రోజులలో పుట్టిన సంస్థ అది.

పేటల ఆట

మిజో కొండలకు ఫుట్‌బాల్‌ను తెచ్చినవారు వేల్స్ దేశపు క్రైస్తవ మిషనరీలు. బడితోపాటు బంతి కూడా వచ్చింది. చదునైన నేల దొరకడమే దుర్లభమైన ఆ ఊళ్ళలో కొండను చెక్కి మైదానం చేసుకోవడం ఒక సామూహిక కార్యం. ఐజ్వాల్ నగరం 'వెంగ్' అని పిలిచే పేటలుగా విభజితమై వుంటుంది. పేటకొక చర్చి, పేటకొక యువజన సంఘపు శాఖ, పేటకొక ఫుట్‌బాల్ జట్టు. 1935లో ఏర్పడిన యంగ్ మిజో అసోసియేషన్ ఈ జీవనానికి వెన్నెముక. పక్కవాడి ఇంట చావైనా, పెళ్ళైనా, అడవిలో ఎవరైనా తప్పిపోయినా అడగకముందే వెళ్ళి సాయపడాలన్న మిజోల నీతికి ఆ సంఘమే కార్యరూపం. నగరం నడిబొడ్డున అస్సాం రైఫిల్స్ వారి 'లమ్మువల్' మైదానం దశాబ్దాలపాటు ఈ పేటల పోటీలకు రంగస్థలమైంది.

అయితే ఈ ప్రతిభ కొండ దిగడానికి చాలాకాలం పట్టింది. లెంగ్‌పుయి విమానాశ్రయం 1998లో గాని రాలేదు. అంతవరకూ అస్సాంలోని సిల్చార్ దాకా గతుకుల ఘాట్ రోడ్డులో పోవడమే ముఖ్యమైన మార్గం. టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షణ పొందిన షైలో మల్‌సాంట్లువాంగా ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 2003లో ఆసియాన్ క్లబ్ చాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో సభ్యుడు కావడంతో మిజో తల్లిదండ్రులకు ఒక కొత్త ఆలోచన తోచింది. ఫుట్‌బాల్ ఒక ఉద్యోగం కూడా కాగలదన్నదే ఆ ఆలోచన. తర్వాత జెజె లాల్‌పెఖ్లువా భారత జట్టుకు ప్రధాన ఫార్వర్డ్ అయ్యాడు. ఆ తరువాతి తరంలో లాలియాంజువాలా ఛాంగ్టె 2022-23లో దేశంలోనే ఉత్తమ పురుష ఆటగాడిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పురస్కారం పొందాడు. ప్రభుత్వ ఉద్యోగం తప్ప మరో ఆదాయమార్గం అంతగా కానరాని రాష్ట్రంలో, కుర్రవాడి కాళ్ళు నెలనెలా ఇంటికి సొమ్ము పంపే సాధనాలయ్యాయి.

ఈ మార్పును ఒక వ్యవస్థగా నిలబెట్టినది 2012లో మొదలైన మిజోరం ప్రీమియర్ లీగ్. రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం ఒక స్థానిక కేబుల్ టెలివిజన్ సంస్థతో ఒప్పందం చేసుకుని మ్యాచ్‌లను ప్రత్యక్షంగా ప్రసారం చేయించింది. కలకత్తా మైదానాలకు నూరేళ్ళ పేరున్నా, గోవా క్లబ్బులకు గనుల యజమానుల అండ వున్నా, ఇంటింటి టీవీలో సొంత జిల్లా లీగ్‌ను సొంత భాష వ్యాఖ్యానంతో చూసే సదుపాయం దేశంలో బహుకొద్ది చోట్లనే వుంది. రెండేళ్ళు తిరగకుండానే ఫలితం కనిపించింది. 2014 మార్చిలో సిలిగురిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో మిజోరం 3-0 తేడాతో రైల్వేస్‌ను ఓడించి తొలిసారి ఆ ట్రోఫీని గెలుచుకుంది. రైలుమార్గమే సరిగా లేని రాష్ట్రం రైల్వే జట్టును ఓడించడం ఆనాడు చాలామందికి చమత్కారంగా తోచింది.

పడి లేచిన ఏడాది

స్థానిక వ్యాపారవేత్త రాబర్ట్ రొమావియా రోయ్టె చేతిలోకి వచ్చాక ఐజ్వాల్ క్లబ్బు పేటల స్థాయిని దాటి చూడసాగింది. 2015లో ద్వితీయ శ్రేణి లీగ్ గెలిచి ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. మిజోరం నుంచి ఆ స్థాయికి చేరిన మొదటి క్లబ్బు అదే. కాని 2015-16 సీజన్‌లో తొమ్మిది జట్లలో ఎనిమిదవ స్థానం పొంది, నిబంధనల ప్రకారం కిందికి దిగిపోయింది. అదే ఏడాది మే నెలలో ఫెడరేషన్ కప్‌లో బెంగళూరును ఇంటికి పంపి ఫైనల్ దాకా వెళ్ళినా, గువాహటిలో మోహన్ బగాన్ చేతిలో 5-0తో చిత్తుగా ఓడింది.

ఇక్కడ అదృష్టం కలిసివచ్చిందని ఒప్పుకోక తప్పదు. ఇండియన్ సూపర్ లీగ్‌కు పట్టం కట్టేందుకు ఐ-లీగ్‌ను రెండవ శ్రేణికి నెట్టబోతున్నారన్న ప్రతిపాదనకు నిరసనగా గోవా క్లబ్బులు 2016లో వైదొలగాయి. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌ను ఏలిన సల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ ద గోవా, చివరకు డెంపో కూడా తప్పుకున్నాయి. జట్లు చాలకపోవడంతో ఐజ్వాల్‌ను తిరిగి లీగ్‌లోకి పిలిచారు. ఏ ప్రణాళిక గోవావారిని తరిమిందో, అదే ప్రణాళిక రేపు తన మెడకూ చుట్టుకోబోతున్నదని ఐజ్వాల్ అప్పటికి ఊహించి వుండదు.

శిక్షకుడి విషయమూ అంతే. ఏడేళ్ళపాటు ముంబయి ఎఫ్.సి.ని నడిపించి, ఉద్వాసన పొందిన ఖాలిద్ జమీల్ ఖాళీగా వున్నాడు. ఆయనను ఐజ్వాల్ పిలిచింది. ఆయనతోపాటు ముంబయి నుంచి అశుతోష్ మెహతా, జయేశ్ రాణె వంటి ఆటగాళ్ళు వచ్చారు. సిరియాలో యుద్ధం రగులుతుండగా ఆ దేశపు మధ్యశ్రేణి ఆటగాడు మహమూద్ అల్ అమ్నా వచ్చి చేరాడు. లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్ అతనికి తోడుగా నిలిచాడు. గోల్ వద్ద గోవా యువకుడు ఆల్బినో గోమ్స్. మిగిలినదంతా మిజో యువకుల బలగం. లాల్‌రువత్తారా, బ్రాండన్ వాన్‌లాల్‌రెమ్డికా, జోమింగ్లియానా రాల్టె వంటివారు తమ పేటల మైదానాలలో ఆడి పైకి వచ్చినవారే.

జమీల్ విధానంలో ఆర్భాటం ఏమీ లేదు. ముందు రక్షణ, ఆ తర్వాతే దాడి. గోల్స్ వర్షం కురిపించే జట్టు కాదది. పెక్కు మ్యాచ్‌లను ఒక్క గోల్ తేడాతో గెలుచుకున్న జట్టు. 18 మ్యాచ్‌లలో 11 విజయాలు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. మొదటి మ్యాచ్‌లోనే 2017 జనవరి 7న ఈస్ట్ బెంగాల్‌ను దాని సొంత రాష్ట్రంలోని బారాసత్‌లో 1-1తో నిలువరించింది. ఈ జట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందిలే అనుకున్నవారే ఎక్కువ. సొంత మైదానంలో కృత్రిమ పచ్చిక, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైబడిన ఎత్తు, చెవులు చిల్లులు పడే ప్రేక్షకుల కేకలు. వచ్చిన జట్లకు వీటిలో ఏదో ఒకటి పడేది కాదు.

ఏప్రిల్ 22న మోహన్ బగాన్ ఐజ్వాల్‌కు వచ్చింది. నిజానికి లీగ్‌ను తేల్చిన మ్యాచ్ అదే. ఆట ముగియవస్తుండగా, 83వ నిమిషంలో, రక్షకుడు జోమింగ్లియానా రాల్టె తలతో బంతిని గోల్‌లోకి పంపాడు. ఆ ఒక్క గోల్‌తో 1889 నాటి చరిత్ర గల మోహన్ బగాన్ వెనుకబడింది. వారం తర్వాత షిల్లాంగ్‌కు మిజో అభిమానులు రోడ్డుమార్గాన పెద్ద సంఖ్యలో తరలివెళ్ళారు. అంతకుముందు ఏడాది ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీ సాధించిన విజయంతో పత్రికలన్నీ దీనిని పోల్చాయి. ఆ పోలిక ఐజ్వాల్‌కు కొంత అన్యాయమే చేస్తుంది. లెస్టర్ వెనుక కోటీశ్వరుడైన థాయ్ యజమాని వున్నాడు. లీగ్ గెలవగానే అది యూరప్‌లోని అగ్రశ్రేణి పోటీకి దర్జాగా వెళ్ళింది. ఐజ్వాల్‌కు తన దేశపు కొత్త లీగ్‌లోకే ప్రవేశం లేదు.

ప్రతిభకు రుసుం

ఈ చిక్కు మూలం 2010 డిసెంబర్‌లో వుంది. అప్పట్లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ళపాటు, 700 కోట్ల రూపాయలకు, ఐఎంజి-రిలయన్స్ సంస్థకు అప్పగించింది. ఆ ఒప్పందం ఫలమే 2014 అక్టోబర్‌లో ఎనిమిది జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్. క్రికెట్‌లో ఐపీఎల్ ఎలాగో ఇదీ అలాగే. జట్టు అంటే నగరానికి ఇచ్చే అనుమతి పత్రం. దానిని పొందాలంటే ఏటా కోట్లు కట్టవలసి వుండేది. 2017లో కొత్త జట్లకు ఆహ్వానం పలికినప్పుడు ఏడాదికి కనీసం 15 కోట్ల రూపాయలు చెల్లించాలన్నారు. బెంగళూరు, జంషెడ్‌పూర్ ఆ మొత్తం కట్టి ప్రవేశించాయి. వాటి వెనుక జిందాల్, టాటా సంస్థలున్నాయి. ఐజ్వాల్ వెనుక ఒక కొండ పట్టణపు వ్యాపారి, కొందరు స్థానిక ప్రకటనకర్తలు వున్నారు.

చాలా దేశాలలో ఆటలో గెలిచినవాడు పై లీగ్‌కు వెళతాడు, ఓడినవాడు కిందికి దిగుతాడు. ఈ నిచ్చెన వల్లనే చిన్న ఊరి క్లబ్బుకు పెద్ద ఊరి క్లబ్బుతో పోటీ పడాలన్న ఆశ వుంటుంది. ఇక్కడ ఆ నిచ్చెన స్థానంలో టోల్‌గేట్ వెలిసింది. దేశంలో లీగ్ విజేతగా నిలిచిన క్లబ్బు అప్పట్లో అగ్రశ్రేణి లీగ్‌లో ఆడలేకపోయేది. ఆడాలంటే విజయం చాలేది కాదు, సొమ్ము కావలసి వచ్చేది. ఈ అన్యాయాన్ని నిరసిస్తూ ఐజ్వాల్ యాజమాన్యం సమాఖ్యకు లేఖలు రాసింది. నిరాహార దీక్షకు దిగుతామని హెచ్చరించింది. ఆసియా సమాఖ్య పెద్దల సమక్షంలో 2017 జూన్‌లో కౌలాలంపూర్‌లో చర్చలు జరిగాయి. చివరకు రెండు లీగ్‌లనూ ఏకకాలంలో సమాంతరంగా నడపాలన్న రాజీ కుదిరింది. ఐ-లీగ్ విజేతకు ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్, సూపర్ లీగ్ విజేతకు రెండవ శ్రేణి ఆసియా పోటీ అన్నారు. కాగితంపై చూస్తే ఐ-లీగ్‌దే పైచేయి. టీవీ కెమెరాలు, ప్రకటనలు, ఆటగాళ్ళు మాత్రం రెండవ వైపే నడిచారు.

వేసవి ముగిసేసరికి విజేత జట్టు చెల్లాచెదురైంది. ఖాలిద్ జమీల్‌ను ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. ఆయన వెంట అల్ అమ్నా, బ్రాండన్ కూడా కలకత్తా చేరారు. రాణె, మెహతా అట్లెటికో కలకత్తాకు, గోమ్స్ ఢిల్లీకి, లాల్‌రువత్తారా కేరళకు వెళ్ళారు. వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆటగాడి జీవితం పదేళ్ళు. జీతం రెట్టింపు ఇస్తామంటే కాదనగల స్తోమత పేటల నుంచి వచ్చిన కుర్రవాడికి వుండదు. కాని గెలుపు తన జట్టును బలపరచవలసింది పోయి, కూల్చివేయడం ఈ వ్యవస్థలోని విపరీతం. లీగ్ గెలిచినందుకు ఐజ్వాల్‌కు మిగిలినది కప్పు, కొత్తగా వెతుక్కోవలసిన పదకొండుమంది.

ఆ కొత్త జట్టుతోనే క్లబ్బు 2018 జనవరిలో ఇరాన్ వెళ్ళి జోబ్ అహన్‌తో ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్ ఆడింది. 3-1తో ఓడినా రుమేనియా ఆటగాడు ఆండ్రేయ్ ఇయొనెస్కు ఒక గోల్ చేసి పరువు నిలిపాడు. ఆ తర్వాత ఎ.ఎఫ్.సి. కప్‌లో ఢాకాకు చెందిన అబాహని, మాల్దీవులకు చెందిన న్యూ రేడియంట్, మన బెంగళూరు జట్లతో ఒకే గ్రూపులో పడింది. దక్షిణాసియా క్లబ్బుల మధ్య పోరాటం అది. ఐజ్వాల్ తన సొంత మ్యాచ్‌లను ఐజ్వాల్‌లో కాక గువాహటిలో ఆడవలసి వచ్చింది. మిజోరం సరిహద్దు బంగ్లాదేశ్‌ను ఆనుకునే వున్నా, ఢాకా జట్టును తమ ఊళ్ళో చూసే భాగ్యం ఐజ్వాల్ ప్రేక్షకులకు కలగలేదు.

ఆటనుంచి అసెంబ్లీకి

క్రీడాభిమానం మిజో రాజకీయాలలోకీ ప్రవహించింది. క్లబ్బు యజమాని రోయ్టె 2018 ఎన్నికలలో మిజో నేషనల్ ఫ్రంట్ తరఫున గెలిచి, జోరాంథంగా మంత్రివర్గంలో క్రీడల శాఖ నిర్వహించారు. 2023లో ఆ ప్రభుత్వాన్ని ఓడించి అధికారానికి వచ్చిన జోరాం పీపుల్స్ మూవ్‌మెంట్ పక్షాన జెజె లాల్‌పెఖ్లువా దక్షిణ తుయిపుయి స్థానం నుంచి ఎన్నికయ్యాడు. ఆరోగ్య మంత్రిని అతను ఓడించిన తేడా 135 ఓట్లు. ఒక పక్షంలో క్లబ్బు యజమాని, మరో పక్షంలో స్టార్ ఆటగాడు! ఫుట్‌బాల్‌కు ఓట్లున్నాయని అక్కడి పార్టీలన్నిటికీ తెలిసిపోయింది.

క్లబ్బు మాత్రం ఆ శిఖరాన్ని మళ్ళీ అందుకోలేదు. ఏటేటా యువకులను తయారుచేయడం, వారు పెద్ద జట్లకు తరలిపోవడం, మళ్ళీ మొదటికి రావడం పరిపాటి అయింది. చాలా సీజన్లలో పట్టికలో మధ్యనో, దిగువనో గడిపింది. అయినా 2024-25 సీజన్ దాకా ఐ-లీగ్‌లో తన స్థానాన్ని వదులుకోలేదు. హైదరాబాద్‌లోని డెక్కన్ అరీనాలో శ్రీనిధి డెక్కన్ జట్టుతో ఐజ్వాల్ ఆడిన మ్యాచ్‌ల ద్వారా తెలుగు ప్రేక్షకులకు కూడా ఆ జట్టు పరిచయమే.

హైదరాబాద్ ప్రసక్తి వచ్చింది కనుక ఒక పోలిక చెప్పుకోవాలి. 1950లలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశాన్ని గడగడలాడించింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టు జీతం పోలీసు ఉద్యోగమే. అలాంటి నగరానికి 2019లో సూపర్ లీగ్ అనుమతి పత్రం ద్వారా హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ కిక్‌లలో ఓడించి ఆ లీగ్ కూడా గెలిచింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలు, ఆటగాళ్ళ వలస. యాజమాన్యం చేతులు మారాక 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరే మార్చుకుంది. అనుమతి పత్రం మీద ఊరి పేరు రాసుకున్నంత మాత్రాన అది ఊరి జట్టు కాదు. ఐజ్వాల్‌కు పదిహేను కోట్లు లేకపోవచ్చు గాని, ఆ క్లబ్బును ఎత్తుకుపోయి మరో నగరంలో దించడం ఎవరి తరమూ కాదు.

మళ్ళీ అయోమయం

2019లో ఆసియా సమాఖ్య సూచించిన మార్గపటం ప్రకారం ఐ-లీగ్ విజేతకు రుసుం లేకుండానే సూపర్ లీగ్‌లో చోటు ఇవ్వాలన్న నిబంధన చివరకు అమలయింది. 2023లో పంజాబ్ ఎఫ్.సి., 2024లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ తలుపు గుండానే లోపలికి వెళ్ళాయి. ఐజ్వాల్ 2017లో అడిగినది సరిగ్గా ఇదే. ఆరేళ్ళ ఆలస్యంగా వచ్చిన న్యాయం ఐజ్వాల్‌కు ఉపయోగపడలేదు. అంతేకాదు, ప్రవేశ రుసుం లేదన్నంత మాత్రాన ఖర్చు తగ్గదు. విదేశీ ఆటగాళ్ళు, విమాన ప్రయాణాలు, లైసెన్సు షరతుల ప్రకారం ఫ్లడ్‌లైట్ల స్టేడియం, యువజన జట్లు అన్నీ చూసుకోవాలి. ఈశాన్యం నుంచి ఒక జట్టు గోవాకో, కొచ్చికో వెళ్ళిరావడమంటే విమానాలు మారి మారి ఒక్కొక్క మ్యాచ్‌కు రోజుల కాలం, లక్షల సొమ్ము.

2010లో కుదిరిన ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగిసింది. దానిని ఎలా పొడిగించాలో తేలక, ఆ ఏడాది జూలైలోనే సూపర్ లీగ్ సీజన్‌ను నిలుపుచేస్తున్నట్లు నిర్వాహకులు ప్రకటించారు. కోట్ల రూపాయలు కట్టి లోపలికి వెళ్ళినవారు కూడా వీధిలో నిలబడ్డారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపాయి, ఆటగాళ్ళు బహిరంగ విజ్ఞప్తులు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చిత్రమేమంటే, సరిగ్గా ఆ సంక్షోభ సమయంలోనే, 2025 ఆగస్టు 1న, సమాఖ్య భారత జాతీయ జట్టు శిక్షకుడిగా ఖాలిద్ జమీల్‌ను నియమించింది. ఒక భారతీయుడికి ఆ పదవి దక్కి పుష్కరకాలం గడిచింది. అతని పేరు మొదట దేశమంతా వినిపించినది ఐజ్వాల్‌లోనే.

ఆ తరువాతి నెలలో, సెప్టెంబర్ 13న, బైరాబి-సైరాంగ్ రైలుమార్గాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు 51 కిలోమీటర్ల ఈ మార్గానికి ఎనిమిది వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది. సొరంగాలు, వంతెనలు లెక్కలేనన్ని. ఐజ్వాల్ నగరానికి సమీపంలోని సైరాంగ్ దాకా రైలు వచ్చింది. రాజధాని ఢిల్లీకి, కలకత్తాకు, గువాహటికి అక్కడి నుంచి రైళ్ళున్నాయి. ఐజ్వాల్ క్లబ్బు లీగ్ మ్యాచ్‌లకు ఇకపై రైలెక్కి వెళ్ళవచ్చు. ఏ లీగ్‌కు, ఏ తేదీన అన్నది మాత్రం ఆ సెప్టెంబర్‌లో సమాఖ్య చెప్పలేకపోయింది.